యూ-విన్‌లో పిల్లల టీకా బుకింగ్: మొదటి లాగిన్ నుంచి సర్టిఫికెట్ చేతికొచ్చేదాకా

మా చెల్లెలి పాపకు నెలన్నర టీకా వేయించాల్సిన రోజు దగ్గరపడింది. చెల్లెలు తన ఫోన్‌లో యూ-విన్, అంటే సర్కారు టీకాల యాప్, తెరిచి, తన నంబరుతో లాగిన్ అయింది. పాప పేరే లేదు. పుట్టిన ఆస్పత్రిలోనే క్షయ రాకుండా వేసే బీసీజీ వేశారు, పోలియో చుక్కలు వేశారు, కార్డు మీద తేదీలు రాసి ఉన్నాయి. అయినా స్క్రీన్ ఖాళీ. కంగారుపడి పాపను కొత్తగా రిజిస్టర్ చేసి, స్లాటు తీసుకుని, టీకా వేయించుకొచ్చింది. అంతా బాగానే జరిగిందనుకున్నాం.

తర్వాత కొన్నాళ్లకు మా అమ్మ ఫోన్‌కి మెసేజ్‌లు మొదలయ్యాయి, పాపకు నెలన్నర డోసు ఇంకా పడలేదని. అప్పుడు తెలిసింది. చెల్లెలు పురిటికి పుట్టింటికి వచ్చినప్పుడు అక్కడి ఏఎన్ఎం (టీకాలు వేసే నర్సు) మా అమ్మ నంబరు రాసుకుంది. పాప రికార్డు ఆ నంబరు కింద మొదటినుంచీ ఉంది. ఇప్పుడు ఒకే పాపకు రెండు రికార్డులు: ఒకదాంట్లో పుట్టినప్పటి టీకాలు, ఇంకోదాంట్లో నెలన్నర టీకా. దాన్ని సరిచేయించుకోవడానికి మూడుసార్లు తిరిగాం.

ఆ అనుభవంతోనే ఈ మార్గదర్శి రాస్తున్నాను. స్లాటు దొరకడం నిజానికి పెద్ద కష్టం కాదు. సరైన రికార్డు మీద బుక్ చేయడం, వేయించిన డోసు అదే రికార్డులో పడేలా చూసుకోవడం, ఈ రెండే అసలు పని. కింద ఉన్న ప్రతి అడుగూ ఈ రెండింటి చుట్టూనే తిరుగుతుంది.

యూ-విన్ గురించి రెండు ముక్కలు

మన దేశంలో పిల్లల టీకాల కార్యక్రమం 1978లో మొదలై, 1985లో సార్వత్రిక టీకా కార్యక్రమంగా విస్తరించింది. ఇప్పుడు దీని కింద 12 వ్యాధులకు ఉచితంగా టీకాలు ఇస్తున్నారు. క్షయ, పోలియో, కామెర్లు తెచ్చే హెపటైటిస్-బి, కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, తట్టు, రుబెల్లా, రోటా వైరస్ విరేచనాలు, న్యుమోనియా వంటివన్నీ ఇందులో ఉన్నాయి. మెదడువాపు టీకా మాత్రం ఆ జబ్బు ఉన్న జిల్లాల్లోనే ఇస్తారు.

ఇన్నాళ్లూ ఈ లెక్కంతా ఏఎన్ఎం రిజిస్టరులోనూ, తల్లి దగ్గరుండే కార్డులోనూ ఉండేది. కోవిడ్ టీకాలకు వాడిన కో-విన్ తరహాలోనే, 2023 జనవరిలో 65 జిల్లాల్లో ప్రయోగాత్మకంగా యూ-విన్ మొదలుపెట్టారు. గర్భిణుల టీకాలు, పుట్టినప్పటి నుంచి పదహారేళ్ల వరకు పిల్లల టీకాలు ఇందులో నమోదవుతాయి. మనంతట మనమే రిజిస్టర్ చేసుకోవచ్చు, కేంద్రాన్ని వెతికి అపాయింట్‌మెంట్ తీసుకోవచ్చు, తర్వాతి డోసు ఎప్పుడో మెసేజ్ వస్తుంది, క్యూఆర్ కోడ్ ఉన్న సర్టిఫికెట్ దించుకోవచ్చు. వెబ్ పోర్టల్ ఉంది, మొబైల్ యాప్ ఉంది, ఇంగ్లీషుతో పాటు ప్రాంతీయ భాషల్లోనూ ఉంది.

ఒక మాట ముందే చెప్పాలి. బుకింగ్ లేదని టీకా ఆపుకోవద్దు. నేరుగా కేంద్రానికి వెళ్లినా అక్కడే నమోదు చేసి వేస్తారు. స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లు, ఓటీపీల గొడవ పడలేనివాళ్లు కార్డు పట్టుకుని వెళ్తే చాలు. బుకింగ్ వల్ల లాభమేమిటంటే, ఆ రోజు ఎంతమంది పిల్లలు వస్తారో కేంద్రంవాళ్లకు ముందే తెలుస్తుంది, మీకూ తేదీ ఖాయమవుతుంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

తల్లీబిడ్డల సంరక్షణ కార్డు, అందరూ ఎంసీపీ కార్డు అనేది, ఇదే అన్నిటికంటే ముఖ్యం. గర్భం నమోదైనప్పుడు ఇస్తారు. పాప పుట్టాక టీకాల తేదీలన్నీ అందులోనే రాస్తారు. ప్రైవేటు ఆస్పత్రిలో పుట్టి వాళ్ల సొంత టీకా పుస్తకం ఇచ్చి ఉంటే అది తీసుకోండి. తల్లిదిగానీ తండ్రిదిగానీ ఒక గుర్తింపు కార్డు కావాలి. బిడ్డకు ఆధార్ లేకపోయినా ఫర్వాలేదు. ఇంకా పేరు పెట్టలేదనే బెంగా అక్కర్లేదు, తల్లి పేరుతో ఫలానా ఆమె బిడ్డ అని నమోదు చేస్తారు. పేరు పెట్టాక ఏఎన్ఎంకి చెప్పి మార్పించుకోండి.

మొదటి అడుగు: రికార్డు ముందే ఉందేమో వెతకండి

దయచేసి ఈ అడుగు దాటేయకండి. గర్భం నమోదు చేయించుకున్నవాళ్లలో చాలామంది వివరాలు ఆరోగ్య శాఖ దగ్గర ముందే ఉంటాయి. సర్కారు ఆస్పత్రిలో కాన్పు అయితే పుట్టినప్పటి డోసులు కూడా ఎక్కించి ఉండవచ్చు. ఏ ఫోన్ నంబరు మీద ఎక్కించారన్నదే ప్రశ్న.

మన ఇళ్లలో ఇది చిక్కుముడి. మొదట నమోదు చేయించుకున్నది అత్తగారి ఊళ్లో, భర్త నంబరు మీద. ఏడో నెలలో పుట్టింటికి వచ్చాక అక్కడి ఏఎన్ఎం అమ్మ నంబరో నాన్న నంబరో రాసుకుంటుంది. ఆస్పత్రిలో చేరేటప్పుడు పక్కన ఎవరుంటే వాళ్ల నంబరు చెబుతాం. అందుకని ఒక కాగితం మీద ఈ నంబర్లన్నీ రాసుకోండి: తల్లి, తండ్రి, అమ్మమ్మ, తాతయ్య, నాన్నమ్మ, పాత సిమ్ ఏదైనా ఉంటే అదీ. ఒక్కో నంబరుతో లాగిన్ అయి చూడండి. ఓటీపీ ఆ నంబరుకే వెళ్తుంది కాబట్టి వాళ్లకు ఫోన్ చేసి, లైన్‌లో ఉండగానే ఆ ఓటీపీ అడిగి కొట్టండి. పది నిమిషాల పని.

ఓటీపీ విషయంలో జాగ్రత్త. దాన్ని మీరు లాగిన్ అయ్యేటప్పుడు మీరే వాడాలి. టీకా ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం, పాప పేరు మీద డబ్బులు వచ్చాయి, ఓటీపీ చెప్పండి అని ఎవరైనా ఫోన్ చేస్తే వెంటనే పెట్టేయండి. ముఖ్యంగా ఇంట్లో పెద్దవాళ్లకు ఈ మాట ముందే చెప్పి ఉంచండి.

ఏ నంబరు మీదా దొరకకపోతే, కార్డు మీద చేత్తో రాసిన నంబరు ఏదైనా ఉందేమో చూడండి. గర్భం నమోదైనప్పుడు ఇచ్చిన ఐడీ సాధారణంగా మొదటి పేజీల్లోనే ఉంటుంది. ఆ కార్డు ఫోటో తీసి మీ ఆశా కార్యకర్తకు పంపండి. ఏఎన్ఎం తన లాగిన్‌లో వెతికి చెప్పగలదు. అక్కడ కూడా లేదంటేనే రెండో అడుగుకు వెళ్లండి.

రెండో అడుగు: లేకపోతేనే కొత్త రిజిస్ట్రేషన్

ఏ నంబరుతో రిజిస్టర్ చేయాలి? పదహారేళ్లు మన చేతిలో ఉండే నంబరుతో. ఇది అతిశయోక్తి కాదు, ప్రభుత్వ షెడ్యూల్‌లో చివరి టీకా పదహారో ఏట ఉంది. ఆఫర్ చూసి తీసుకున్న సిమ్, ఆఫీసువాళ్లు ఇచ్చిన సిమ్ పనికిరావు. నా ఉద్దేశంలో తల్లి నంబరే మంచిది. టీకాకు బిడ్డను ఎత్తుకెళ్లేది ఎక్కువగా ఆమే, మెసేజ్ ఆమె ఫోన్‌కే రావాలి.

వివరాలు నింపేటప్పుడు రెండుచోట్ల పొరపాట్లు జరుగుతుంటాయి. ఒకటి పుట్టిన తేదీ. రోజు, నెల తారుమారైతే మొత్తం షెడ్యూలే తప్పిపోతుంది, ఎందుకంటే ఏ టీకా ఎప్పుడనేది ఆ తేదీ నుంచే లెక్క కడతారు. రెండోది పేరు స్పెల్లింగ్. జనన ధ్రువపత్రంలో ఎలా ఉందో అక్షరం అక్షరం అలాగే కొట్టండి. తల్లి పేరు ఆమె గుర్తింపు కార్డులో ఉన్నట్టే ఉండాలి, ఇంటిపేరు ముందా వెనకా అన్నదానితో సహా. నింపాక ఒకసారి పైకి చదవండి, ఇంకొకరు కార్డు చూస్తూ సరిపోల్చాలి. మా ఇంట్లో ఇప్పుడు ఇలాగే చేస్తున్నాం.

ఆభా నంబరు, అంటే ఆరోగ్య ఖాతా, తీసుకునే వీలు కూడా యూ-విన్‌లో ఉంది, పిల్లలకు కూడా. అది తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు, టీకాకు దానితో పనిలేదు.

మూడో అడుగు: తేదీ లెక్క మీరే వేసుకోండి

యాప్ తేదీ చూపిస్తుంది, మెసేజ్ కూడా వస్తుంది. అయినా ఈ లెక్క తల్లిదండ్రులకు తెలిసి ఉండాలి. నెలన్నర, రెండున్నర, మూడున్నర అని మనం వాడుకగా అనేవి అసలు వారాల లెక్కలు: 6 వారాలు, 10 వారాలు, 14 వారాలు. అంటే 42వ రోజు, 70వ రోజు, 98వ రోజు.

ఒక ఉదాహరణ చూద్దాం. పాప మార్చి 3, మంగళవారం పుట్టింది. ఆరు వారాలు ఏప్రిల్ 14, మంగళవారానికి నిండుతాయి. వారాల లెక్క కాబట్టి ఎప్పుడూ పుట్టిన వారమే వస్తుంది, సరిచూసుకోవడానికి ఇదో సులువైన గుర్తు. మన తెలుగు రాష్ట్రాల్లో సర్కారు టీకాలు సాధారణంగా బుధ, శనివారాల్లో వేస్తారు. కాబట్టి ఈ పాపకు మొదటి మంచి రోజు ఏప్రిల్ 15, బుధవారం. ఏప్రిల్ 11, శనివారం ఖాళీగా ఉంది కదా అని బుక్ చేస్తే లాభం లేదు, అప్పటికి 39 రోజులే. ముందుగా వేసిన డోసు లెక్కలోకి రాదు, అందుకే ఏఎన్ఎం వెనక్కి పంపిస్తుంది.

డోసుకు డోసుకు మధ్య కనీసం నాలుగు వారాలు ఉండాలి. ఏప్రిల్ 15న వేయిస్తే రెండోది మే 13, మూడోది జూన్ 10, రెండూ బుధవారాలే. మొదటిది ఒక వారం ఆలస్యమై ఏప్రిల్ 22న పడితే, తర్వాతివి మే 20, జూన్ 17కు జరుగుతాయి. అందుకే మొదటి డోసు తేదీ మీద పట్టుదలగా ఉండమంటాను. అది సమయానికి పడితే మిగతావి వాటంతట అవే దారిలో పడతాయి.

ఏ రోజు ఏమేమి వేస్తారో కూడా తెలుసుకుని వెళ్తే టెన్షన్ తగ్గుతుంది. నెలన్నరకు మూడు సూదులు: ఎడమ తొడకు పెంటావాలెంట్ (ఐదు జబ్బులకు కలిపి ఒకే సూది, వాడుకలో పెంటా), కుడి తొడకు న్యుమోనియా రాకుండా వేసే న్యుమోకోకల్ టీకా, కుడి భుజానికి చర్మంలో పోలియో సూది. వీటితో పాటు పోలియో చుక్కలు, రోటా వైరస్ టీకా నోట్లో. మూడు సూదులా అని చాలామంది తల్లులు అక్కడే హడలిపోతారు. మూడూ ఒకే రోజు వేయడం సురక్షితమే, ఒకటి వేయించి మిగతావి వాయిదా వేయమని అడగకండి. రెండున్నర నెలలకు ఒకే సూది, పెంటా. దానితో పాటు నోట్లో వేసేవి రెండు. మూడున్నర నెలలకు మళ్లీ నెలన్నరకు వేసినవన్నీ.

తొమ్మిది నెలలు నిండాక తట్టు-రుబెల్లా మొదటి డోసు, న్యుమోకోకల్ బూస్టర్, పోలియో సూది మూడో డోసు, విటమిన్-ఎ మొదటి డోసు. మన ఉదాహరణలో పాపకు డిసెంబరు 3, గురువారానికి తొమ్మిది నెలలు నిండుతాయి, డిసెంబరు 5 శనివారం బుక్ చేసుకోవచ్చు. పోలియో సూది మూడో డోసు 2023 జనవరి నుంచి కలిపారు. ఇంట్లో పెద్ద పిల్ల కార్డులో అది లేదే అని అనుమానపడేవాళ్లకు కారణం ఇదే. 16 నుంచి 24 నెలల మధ్య తట్టు-రుబెల్లా రెండో డోసు, డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం టీకా) బూస్టర్, పోలియో చుక్కల బూస్టర్.

నాలుగో అడుగు: కేంద్రం, రోజు, స్లాటు

లాగిన్ అయ్యాక బిడ్డ పేరు కింద వేయాల్సిన టీకాలు కనిపిస్తాయి. అక్కడినుంచి పిన్‌కోడ్ కొట్టిగానీ, రాష్ట్రం, జిల్లా ఎంచుకునిగానీ కేంద్రాలు వెతకవచ్చు. పిన్‌కోడ్‌తో ఏమీ రాకపోతే నిరాశపడకండి, జిల్లాతో చూడండి. మీ వీధికి దగ్గరున్న కేంద్రం పక్క పిన్‌కోడ్‌లో ఉండవచ్చు. ఇంకో సంగతి, టీకాకు ఊరి హద్దులు లేవు. అత్తగారింట్లో ఒక డోసు, పుట్టింట్లో ఇంకో డోసు, ఉద్యోగం చేసే ఊళ్లో మూడోది వేయించినా ఇబ్బంది లేదు, రికార్డు ఒక్కటే అయితే చాలు.

పట్టణాల్లో అర్బన్ హెల్త్ సెంటర్లు, బస్తీ దవాఖానాలు, ఏరియా ఆస్పత్రులు. పల్లెల్లో పీహెచ్‌సీలు, సబ్ సెంటర్లు, అంగన్‌వాడీలో జరిగే టీకా రోజు. అన్నీ జాబితాలో కనిపించకపోవచ్చు. అంగన్‌వాడీలో వేసేది కనిపించలేదంటే అక్కడ వేయరని కాదు, ఆశా కార్యకర్తను అడగండి.

రోజూ ఎందుకు వేయరు అని చాలామంది విసుక్కుంటారు. కారణం తెలిస్తే అలా అనరు. బీసీజీ, తట్టు-రుబెల్లా టీకాలు పొడి రూపంలో వస్తాయి. ద్రావకం కలిపి సీసా తెరిచాక నాలుగు గంటల్లోపు వాడేయాలి, మిగిలింది పారేయాలి. ఒక్కో సీసాలో చాలామంది పిల్లలకు సరిపడా డోసులుంటాయి. ఒక్క బిడ్డ కోసం తెరిస్తే మిగిలినదంతా వృథా. అందుకే పిల్లలందర్నీ ఒక రోజుకు కలుపుతారు. మీరు బుక్ చేసుకుని వెళ్లకపోతే ఆ లెక్క తప్పుతుంది. కుదరకపోతే స్లాటు రద్దు చేసుకోండి, లేదా ఆశాకి ఒక్క ఫోన్ కొట్టండి.

సమయం విషయంలో నా సలహా, మొదటి స్లాటే తీసుకోండి. ఎండ ఉండదు, పిల్లలు హుషారుగా ఉంటారు, సాయంత్రం లోపు ఒళ్లు వెచ్చబడితే అడగడానికి ఏఎన్ఎం ఇంకా అందుబాటులో ఉంటుంది. తట్టు-రుబెల్లా డోసైతే సీసా మూసేలోపు అందుకోవడానికి కూడా పొద్దున్నే మేలు.

బుక్ అయ్యాక వచ్చే మెసేజ్ స్క్రీన్‌షాట్ తీసుకోండి. అందులో బిడ్డ పేరు, కేంద్రం, తేదీ సరిగా ఉన్నాయో లేదో అప్పుడే చూసుకోండి.

ముందురోజు

ఆశాకో కేంద్రానికో ఫోన్ చేసి రేపు టీకా ఉందా, స్టాక్ వచ్చిందా అని అడగండి. పండగ సెలవులకు రోజు మారుతుంది, యాప్‌లో ఆ మార్పు ఆలస్యంగా పడవచ్చు. ఎవరినీ పట్టుకోలేకపోతే 104కు ఫోన్ చేయవచ్చు.

జలుబు చేసింది, కాస్త దగ్గుతోంది, ఒళ్లు కొంచెం వెచ్చగా ఉంది, వాయిదా వేద్దామా? వేయకండి. చిన్నపాటి జలుబు, విరేచనాలు టీకాకు అడ్డు కావు. తీసుకెళ్లి చెప్పండి, వాళ్లు చూసి నిర్ణయిస్తారు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు కూడా పుట్టిన తేదీ నుంచే లెక్క. అయితే బిడ్డ ఆస్పత్రిలో చేరేంత జబ్బుగా ఉంటే, లేదా పోయినసారి టీకాకు ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరి ఆడకపోవడం, ఫిట్స్ లాంటివి వచ్చి ఉంటే డాక్టరుతో మాట్లాడకుండా వెళ్లకండి.

ఆ రోజు కేంద్రంలో

వదులు బట్టలు వేయండి, తొడ, భుజం సులువుగా బయటికి రావాలి. పాలు పట్టించే వెళ్లవచ్చు, చుక్కల మందుకు ముందైనా తర్వాతైనా తల్లిపాలు ఇవ్వవచ్చు.

కార్డు, ఫోన్‌లోని బుకింగ్ చూపించండి. ఏఎన్ఎం తన ఫోన్‌లోనో ట్యాబ్‌లోనో పాప పేరు తీసేటప్పుడు పక్కన నిలబడి చూడండి. అమ్మ ఫోన్‌కి మెసేజ్‌లు వచ్చినప్పుడు మాకు రెండు రికార్డులున్నాయని తేల్చింది ఇలాగే ఒక ఏఎన్ఎం. "అమ్మా, ఈ పాపకు ముందే ఐడీ ఉందే, మీరు ఏ నంబరు మీద చేశారు?" అని ఆమె అడగకపోతే రెండో డోసు కూడా తప్పు రికార్డులోనే పడేది.

వీలైతే టీకా సీసాను ఒక్క క్షణం చూడండి. టీకాలు నీలిరంగు చిన్న డబ్బాలో, చుట్టూ ఐస్ ప్యాకులతో వస్తాయి. సీసా లేబుల్ మీదగానీ మూత మీదగానీ ఒక చిన్న గుండ్రటి గుర్తు, దాని లోపల ఒక చదరం కనిపిస్తాయి. చదరం రంగు చుట్టూ ఉన్న వలయం కంటే లేతగా ఉంటే టీకా బాగున్నట్టు. వేడి తగిలేకొద్దీ చదరం ముదురుతుంది, వలయంతో సమానమైనా, ఇంకా ముదిరినా ఆ సీసా వాడకూడదు. అడిగితే చాలామంది ఏఎన్ఎంలు సంతోషంగా చూపిస్తారు. సిరంజి కూడా మీ ముందే కవరు చింపి తీస్తారు, ఒకసారి నొక్కాక మళ్లీ పనిచేయని రకం అది.

వేశాక అరగంట అక్కడే కూర్చోండి. అరుదుగా వచ్చే తీవ్రమైన అలర్జీ ఎక్కువగా ఈ సమయంలోనే బయటపడుతుంది, దాన్ని సంభాళించడానికి కావాల్సిన మందు వాళ్ల దగ్గర ఉంటుంది. ఈ అరగంటలో ఏఎన్ఎం మీకు నాలుగు మాటలు చెప్పాలి: ఏ టీకా దేనికి వేశారు, ఏమైనా వస్తే ఏం చేయాలి, మళ్లీ ఎప్పుడు రావాలి, కార్డు భద్రంగా ఉంచుకుని వచ్చేసారి తేవాలి. రద్దీలో చెప్పడం మరిచిపోతే మీరే అడగండి.

జ్వరం, సూది వేసినచోట కాస్త వాపు, చిరాకు సహజం, ఒకట్రెండు రోజుల్లో తగ్గుతాయి. జ్వరానికి వాళ్లిచ్చిన మందు వాళ్లు చెప్పిన కొలతలోనే వేయండి. సూది చోట రుద్దకండి, పసుపు, తైలం రాయకండి. తట్టు-రుబెల్లా తర్వాత జ్వరం వారం, పది రోజులకు కూడా రావచ్చు. ఏడుపు మూడు గంటలకు పైగా ఆగకపోయినా, ఫిట్స్ వచ్చినా, ఊపిరి కష్టమైనా, బిడ్డ మగతగా పడి ఉన్నా ఆలోచించకుండా ఆస్పత్రికి వెళ్లండి, 108కి ఫోన్ చేయండి. తర్వాత ఏఎన్ఎంకి తప్పకుండా చెప్పండి, అది నమోదు కావాలి.

కేంద్రం గడప దాటకముందే

ఫోన్ తీసి లాగిన్ అవ్వండి. ఈరోజు వేసినవన్నీ పాప పేరు కింద పడ్డాయా? నెట్ సరిగా లేని చోట ఎంట్రీ సాయంత్రం చేస్తారు, అప్పుడు రాత్రికి మళ్లీ చూడండి. కార్డులో మాత్రం అక్కడికక్కడే ప్రతి టీకా ఎదురుగా తేదీ రాయించుకోండి. ఐదు వేసి నాలుగే రాసిన సందర్భాలు చూశాను. మర్నాటికీ ఎంట్రీ పడకపోతే కార్డు పేజీ ఫోటో తీసి ఏఎన్ఎంకి పంపండి. నెల గడిచాక అడిగితే వాళ్లకు కూడా రిజిస్టర్ తిరగేయడం కష్టం.

అంతా పడ్డాక సర్టిఫికెట్ దించుకుని, తల్లి ఫోన్‌లోనే కాక తండ్రి ఫోన్‌లో కూడా దాచండి. కార్డు ప్రతి పేజీకి ఫోటో ఉంచుకోండి. వానకు తడిసి, అక్షరాలు కారిపోయిన కార్డులు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి.

మామూలు దారి తప్పినప్పుడు

రెండు రికార్డులు ఉన్నట్టు తేలితే మీరే ఏదో ఒకటి తీసేయడానికి ప్రయత్నించకండి. రెండింటి స్క్రీన్‌షాట్లు, కార్డు పట్టుకుని ఏఎన్ఎం దగ్గరికి వెళ్లండి, అక్కడ తేలకపోతే పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసరు దగ్గరికి. ఏ రికార్డు ఉంచాలో వాళ్లతో తేల్చుకుని, ఆ తర్వాత దాని మీదే బుక్ చేయండి.

ప్రైవేటులో వేయించిన డోసులు యూ-విన్‌లో చాలాసార్లు కనిపించవు. అక్కడి టీకా పుస్తకం తీసుకెళ్లి చూపించండి. అక్కడ ఆరు రోగాలకు కలిపి ఒకే సూదిగా ఇచ్చే టీకాలు కూడా ఉన్నాయి కాబట్టి, ఏది వేశారో పేరుతో సహా చూపిస్తేనే తర్వాత ఏమివ్వాలో ఏఎన్ఎం తేల్చగలదు.

డోసు తప్పిపోయిందా? మొదటినుంచి మళ్లీ మొదలుపెట్టక్కర్లేదు, ఆగినచోటు నుంచి కొనసాగిస్తారు. సిగ్గుపడి, తిడతారేమోనని భయపడి ఇంట్లో కూర్చునే తల్లులు ఉన్నారు. వాళ్లకు చెప్పేదొక్కటే, ఆలస్యమైన డోసు కూడా డోసే. కాకపోతే కొన్నిటికి గడువుంది. బీసీజీ ఏడాదిలోపు వేయించాలి. పెంటా, రోటా, న్యుమోకోకల్ ఏడాదిలోపు మొదలుపెట్టాలి. పెంటా అసలు పడకుండా ఏడాది దాటితే డీపీటీ ఇస్తారు, అది ఏడేళ్ల వరకు. తట్టు-రుబెల్లా, పోలియో చుక్కలు ఐదేళ్ల వరకు. హెపటైటిస్-బి మొదటి డోసు మాత్రం పుట్టిన 24 గంటల్లోనే పడాలి. దానికి బుకింగ్ ఉండదు, కాన్పు గదిలో ఉన్నప్పుడే అడగాలి. ఆ ఒక్క ప్రశ్న గుర్తుంచుకునే పని అమ్మమ్మకో నాన్నమ్మకో అప్పగించండి.

గర్భిణులకు ధనుర్వాతం-కంఠసర్పి టీకా, టీడీ అంటారు, కూడా ఇదే యూ-విన్‌లో ఉంటుంది. గర్భం తెలిసిన వెంటనే ఒకటి, నాలుగు వారాలకు రెండోది. మూడేళ్లలోపు కాన్పుకు రెండూ పడి ఉంటే ఈసారి ఒక బూస్టర్ చాలు. ఇక్కడ ఇచ్చే నంబరే రేపు బిడ్డ రికార్డుకూ దారి. పుట్టింటికి వెళ్లాక అక్కడి ఏఎన్ఎం నంబరు అడిగితే అమ్మ నంబరు కాకుండా ఈ పాత నంబరే చెప్పండి, కొత్తగా నమోదు చేస్తున్నారా, ఉన్నదాన్నే తీస్తున్నారా అని అడగండి.

ఇక ఏడాదిన్నర టీకా అయ్యాక అందరం కార్డు బీరువాలో పెట్టేసి మరిచిపోతాం. ఇంకా మూడు ఉన్నాయి: 5 నుంచి 6 ఏళ్ల మధ్య డీపీటీ రెండో బూస్టర్, పదో ఏట టీడీ, పదహారో ఏట మళ్లీ టీడీ. మా చెల్లెలు ఈ మూడింటి సంవత్సరాలు పాప కార్డు వెనక అట్ట మీద పెన్నుతో రాసి, పక్కనే రికార్డు ఏ ఫోన్ నంబరు మీద ఉందో కూడా రాసి పెట్టింది.